ఎప్పుడూ ఎడమకే

కాన్‌బెర్రాకి ఉత్తరాన గంగాలిన్ పేట కొత్తగా లేస్తున్న రోజులవి. అక్కడ ఇల్లు కట్టుకున్న ముస్లిం కుటుంబం ఏదైనా సరే, సామాను సర్దుకోకముందే మహబూబ్ పాషాకి ఫోన్ చేసేది. పాషా వచ్చేవాడు. బూట్లు గుమ్మం బయట విడిచి, నమాజు చేసుకునే గది ఏదో అడిగి, దాని మధ్యలో నిలబడి జేబులోంచి దిక్సూచి తీసేవాడు. సూది ఊగి ఊగి కుదురుకునేదాకా ఊపిరి కూడా గట్టిగా తీసేవాడు కాదు. తర్వాత కళ్ళు మూసుకుని మనసులో ఒక తీసివేత చేసేవాడు. అప్పుడు వంగి, కార్పెట్ మీద జానెడు నల్ల టేపు అంటించి, "ఇదీ మీ ఖిబ్లా. మక్కా సరిగ్గా ఇటే. ఇంక అనుమానం పెట్టుకోవద్దు" అనేవాడు.

ఇంటివాళ్ళు బిర్యానీ పెట్టి పంపేవాళ్ళు. అలా అలా ఆయనకి ఖిబ్లా పాషా అని పేరు పడిపోయింది. ఆ పేరంటే ఆయనకి ఎంత ఇష్టమో చెప్పాలంటే, అంతకుముందు సంగతి కొంచెం చెప్పాలి.

పాషాది నంద్యాల పక్కన పల్లె. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే కుటుంబం. నమాజుకి అరబీ, మిగతా బతుక్కంతా తెలుగు; ఉర్దూ మాత్రం పెళ్ళిళ్ళకి వచ్చి పోయే చుట్టంలాంటిది. హైదరాబాదులో కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, కొన్నాళ్ళు అక్కడే ఉద్యోగం చేసి, తొంభై మూడులో భార్య ఆబిదాతో కాన్‌బెర్రా చేరాడు. శుక్రవారం నమాజయ్యాక హైదరాబాదీలంతా ఒకచోట చేరి ఉర్దూలో ఛలోక్తులు విసురుకుంటుంటే ఈయనా ఉత్సాహపడి నోరు తెరిచేవాడు. తెరిస్తే నంద్యాల బయటికొచ్చేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. చెడ్డ నవ్వు కాదు పాపం, కానీ నవ్వు నవ్వే కదా. నాలుగుసార్లు అలా అయ్యాక పాషా నోరు మూసుకుని ప్లేటు మీద దృష్టి పెట్టడం నేర్చుకున్నాడు. పరాయి దేశంలో పరాయివాళ్ళ మధ్య బిక్కుబిక్కుమంటూ ఉండటం ఎవరికైనా మామూలే. తనవాళ్ళ మధ్య అలా ఉండాల్సి రావడం ఆయనకి చాలా బాధగా ఉండేది.

ఆ బాధ తీర్చింది దిక్సూచే. వచ్చిన కొత్తలో ప్రభుత్వం అచ్చువేసిన మ్యాపు ఒకటి కొని, దిక్సూచి పక్కన పెట్టి చూస్తే రెండూ కలవలేదు. ఇంకొకరైతే దిక్సూచిని పారేసేవాళ్ళు. పాషాకి మాత్రం ఏదైనా ఎందుకిలా అనిపిస్తే అన్నం సహించదు. లైబ్రరీకి పోయి పుస్తకాలు తిరగేస్తే తేలిందేమిటంటే, ఈ ప్రాంతంలో సూది చూపించే ఉత్తరం అసలు ఉత్తరం కాదు, దానికి పన్నెండు డిగ్రీలు కుడికి ఉంటుంది. మన దేశంలో ఆ తేడా ఉందా లేదా అన్నట్టు ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆ వారం ఒక దావత్‌లో, వచ్చీరాని ఉర్దూలోనే, "ఇక్కడ సూది అబద్ధం చెబుతుంది" అన్నాడు. అంతా ఇంటి నుంచి తెచ్చుకున్న దిక్సూచుల్ని నమ్ముకుని నమాజు చేస్తున్నవాళ్ళే. ఆ రాత్రి మొదటిసారి ఆయన ఉర్దూకి ఎవరూ నవ్వలేదు. సిడ్నీలో ఒక పెద్దాయనకి ఫోన్ చేసి, కాన్‌బెర్రా నుంచి మక్కా ఎన్ని డిగ్రీలో అడిగాడు. పెద్దాయన ఒక అంకె చెప్పారు. షుక్రియా అని ఫోన్ పెట్టేసి, అందులోంచి పన్నెండు తీసేశాడు పాషా. అప్పటినుంచి ఇంటింటికీ అదే లెక్క, అదే టేపు.

మొదటి టేపు తన ఇంట్లోనే పడింది. అక్కడొక చిన్న చిక్కు. నమాజు చేసుకునే చిన్న తివాచీని, అంటే జానమాజ్‌ని, ఆబిదా పరిచినప్పుడల్లా అది టేపు మీద కాకుండా కొంచెం కుడికి తిరిగి పడేది. పాషా వచ్చి దాన్ని టేపుకి సర్దేవాడు. "లెక్క లెక్కే ఆబిదా. పన్నెండు డిగ్రీలంటే మాటలు కాదు" అని సూది కథ మొదటినుంచీ చెప్పేవాడు. ఆమె వినేది. మర్నాడు జానమాజ్ మళ్ళీ కొంచెం కుడికే పడేది. ఆరేళ్ళు ఆయన సర్దుతూనే ఉన్నాడు, ఆమె వింటూనే ఉంది.

దిద్దడం ఆయన వృత్తి కూడా. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు దాన్ని పందొమ్మిది వందలనుకుని అల్లకల్లోలం చేస్తాయని ప్రపంచమంతా బెంబేలెత్తిన కాలం అది. కోబాల్ తెలిసినవాడిని కళ్ళకద్దుకుంటున్నారు. పాషా ఒక ప్రభుత్వ కార్యాలయంలో కాంట్రాక్టు మీద పాత ప్రోగ్రాముల్లో తేదీలు దిద్దేవాడు. ఆయనే పట్టుబట్టి పెట్టించిన నియమం ఒకటుంది: ఏ ప్రోగ్రాము దిద్దినా దాని నెత్తిన 'దిద్దాను' అని రాసి పేరు పెట్టాలి. ఒకరు దిద్దిందాన్ని తెలియక ఇంకొకరు దిద్దారా, ఉప్పు రెండుసార్లు పడ్డ పప్పే. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి మొదటిరోజే చెప్పేవాడు, "ముట్టుకోకముందు అడగండి, దీన్ని ఇంతకుముందు ఎవరైనా దిద్దారా అని."

తొంభై తొమ్మిది ఉగాది సభలో ద్వారకానాథ్ గారు పరిచయమయ్యారు. విజయవాడ మనిషి, యూనివర్సిటీలో ఫిజిక్సు చెప్పి చెప్పి జుట్టు నెరిసినాయన, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే. ఆదివారాలు అడవిలో మ్యాపు పట్టుకుని పరిగెత్తే క్లబ్బు ఒకటుంది, అందులో సభ్యుడు.

"దిక్సూచి మీ చేతిలో ఉంటే దారి తప్పదటగా పాషాగారూ! మా ఓరియెంటీరింగ్‌కి ఓసారి రండి. మీలాంటివారే కావాలి మాకు. టెన్ మినిట్స్‌లో నేర్చేసుకుంటారు, వెరీ సింపుల్" అన్నారు.

అసలే పొగడ్త, అందులో దిక్సూచి మాట. పాషా ఒప్పేసుకున్నాడు.

అక్టోబరులో ఒక ఆదివారం ఊరి బయట అడవి అంచున కారు దిగాడు. సేల్‌లో కొన్న కొత్త బూట్లు, ఆఫీసు ప్యాంటు. ఆట సంగతి ఇదీ. చేతికి ఒక మ్యాపు, ఒక కార్డు ఇస్తారు, మ్యాపు మీద వరసగా ఊదారంగు సున్నాలు. ఒక్కో సున్నా ఉన్నచోట అడవిలో నారింజ, తెలుపు రంగుల జెండా వేలాడుతుంటుంది. దానికి కట్టిన పంచ్‌తో కార్డుకి చిల్లు కొట్టుకుని తర్వాతిదానికి పరిగెత్తాలి. వరస తప్పకూడదు, దారి ఎవరినీ అడగకూడదు. ఆ చివరి నియమం పాషాకి మింగుడుపడలేదు. నంద్యాలలో దారి తెలిసినవాడు కూడా ఒకరినడిగి ఖాయం చేసుకుని కదుల్తాడు.

మొదటి జెండా బండరాళ్ళ గుంపు దగ్గరని మ్యాపు చెప్పింది. పాషా మ్యాపు మీద దిక్కు కొలిచి, అలవాటుగా పన్నెండు తీసేసి, సూది చెప్పినట్టు దర్జాగా నడిచాడు. వెళ్ళినచోట ఒక్క బండ లేదు. అటూ ఇటూ వెతగ్గా వెతగ్గా, బండలు బాగా కుడిపక్కన కనిపించాయి. మొదటిసారి కదా, కాలు తడబడి ఉంటుందనుకున్నాడు. రెండో జెండా వాగు మలుపులో. వాగు దొరికింది, మలుపు లేదు. అదీ కుడిపక్కనే, పొదల వెనక దొరికింది. ఈసారి కొత్త బూట్ల మీద నెపం వేశాడు.

మూడోది పశువుల కుంట ఒడ్డున. అక్కడికి వెళ్తే ఉత్త పల్లం. చుట్టూ చూశాడు. పైన చెట్లున్నాయి, మ్యాపులోనూ ఉన్నాయి. పల్లం ఉంది, మ్యాపులోనూ ఉంది. నీళ్ళే లేవు. ఎండలకి ఎండిపోయి ఉంటుంది! మ్యాపులో కంచె కూడా ఉంది, ఇక్కడ లేదు. రైతు పీకేసి ఉంటాడు! జెండా ఎక్కడ మరి? గాలికి కొట్టుకుపోయి ఉంటుంది! తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నవాడు కూడా కుందేలునైతే పట్టుకున్నాడు. పాషా చేతిలో అదీ లేదు. నిర్వాహకులు కుంట ఎండిన సంగతి మ్యాపులో ఎందుకు దిద్దలేదో చెప్పాలని గట్టిగా నిర్ణయించుకుని కుడిపక్క దిబ్బ ఎక్కాడు. అవతల నిండుగా నీళ్ళతో కుంట, చుట్టూ కంచె, ఒడ్డున జెండా. ఇద్దరు చిన్నపిల్లలు, పదేళ్ళయినా ఉండవు, చిల్లు కొట్టుకుని ఆయనకి చెయ్యూపి పరిగెత్తారు.

నాలుగోదానికి ఆయన తెలివిగా ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకావిడ వెనక పడ్డాడు. అడగకూడదన్నారుగానీ వెంటపోకూడదని అనలేదుగా. ఆవిడ చకచకా పోయి ఒక జెండా దగ్గర ఆగింది. దాని నంబరు వేరే. ఆవిడ పరుగు వేరు, ఈయన పరుగు వేరు. తిరిగి వస్తుంటే ఒక మాగ్‌పై పిట్ట, పిల్లల్ని పెట్టుకున్న కాలం కాబోలు, నెత్తిమీద ఠపీమని తన్ని పోయింది.

అక్కడ ఒక పడిపోయిన చెట్టు మొద్దు మీద కూర్చున్నాడు పాషా. చెమట, దాహం, నెత్తి మంట. ఇంకొకరైతే ఇంటికి పోదామనుకునేవాళ్ళు. ఆయనకి మాత్రం లోపల ఏదో పురుగు తొలుస్తోంది. మ్యాపు తెరిచి, తాను నిజంగా వెళ్ళిన చోట్లన్నీ పెన్సిల్‌తో చుక్కలు పెట్టాడు. మొదటిది ఎడమకి. రెండోది ఎడమకి. కుంటా అంతే. తెలియక చేసే తప్పయితే ఒకసారి అటు, ఒకసారి ఇటు ఉండాలి. ఇదేమిటి, ఎప్పుడూ ఎడమకే? ఆయనకి అలసట పోయింది. ఒట్టి చూద్దామని, ఆ నాలుగో జెండాకే తన లెక్క కంటే కొంచెం కుడికి తిరిగి నడిచాడు. రెండు చెట్ల మధ్య ఎదురుగా వేలాడుతోంది జెండా! ఎందుకు దొరికిందో తెలియదు. తెలియకపోవడం ఇంకా బాగుంది. ఆ తర్వాత అన్నీ అలాగే దొరికాయి.

గమ్యం చేరేసరికి అందరూ బల్లలు మడిచేస్తున్నారు. ద్వారకానాథ్ గారు వెతకడానికి బయల్దేరబోతున్నారు.

"బతికే ఉన్నారా! హమ్మయ్య" అని కారు డిక్కీలోంచి ఫ్లాస్కు తీసి టీ పోశారు.

పాషా టీ పక్కన పెట్టి మ్యాపు ముందుకు తోశాడు. "సార్, ఈ చుక్కలు చూడండి. అన్నీ ఎడమకే పోయినాయి. ఎందుకట్ల?"

"దిక్కు ఎలా కొలిచారేమిటి?"

"కొలిచి పన్నెండు తీసేసినా. సూది అబద్ధమాడతాది కదా."

ద్వారకానాథ్ గారు ఒక్క క్షణం చూసి, కడుపు పట్టుకుని నవ్వారు. "అయ్యో పాషాగారూ! ప్రభుత్వం మ్యాపుకైతే ఆ పన్నెండు మనం తియ్యాలి. ఇది పరుగుకోసం గీసిన మ్యాపండీ. ఇందులో ఉత్తరం గీతలు సూది చూపించేవైపే గీసేశారు. మనవాళ్ళకి శ్రమ ఎందుకని వాళ్ళే ముందు దిద్దేశారు. దిద్దిందాన్ని మీరు మళ్ళీ దిద్దారు!"

పాషాకీ నవ్వొచ్చింది. అక్కడ నవ్వాడు, కారులో నవ్వాడు, ఇంటికొచ్చి ఆబిదాకి చెబుతూ ఇంకా నవ్వాడు. "ఊరందరికీ పాఠం చెప్పేటోన్ని, ఉప్పు రెండుసార్లు వేసినా చూడు!" ఆబిదా కూడా కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, పిట్ట తన్నిన చోట కొబ్బరినూనె రాసింది.

పొద్దు వాలింది. మగ్రిబ్ నమాజుకి పాషా టేపు మీద నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. అప్పుడు వచ్చింది ఆ ఆలోచన.

సిడ్నీ పెద్దాయన చెప్పిన అంకె దేనికి? అసలు ఉత్తరం నుంచి లెక్కా, లేక దిక్సూచి పట్టుకున్నవాడికి పనికొచ్చేలా ఆయనే పన్నెండు తీసి చెప్పారా?

అడగలేదు. ఆఫీసులో ప్రతి కుర్రాడికీ నేర్పిన ప్రశ్నని ఆ రోజు తాను అడగలేదు. ఫోన్లో తన ఉర్దూ ఎక్కడ బయటపడుతుందోనన్న భయంతో రెండు ముక్కల్లో ముగించేశాడు. ఇప్పుడు అడుగుదామంటే ఆ పెద్దాయన పోయి రెండేళ్ళయింది. ఆయన ముందే తీసి ఉంటే మాత్రం, గంగాలిన్‌లో తాను టేపు అంటించిన ప్రతి ఇల్లూ ఎడమకి తిరిగి ఉంది. ఆ పూట నమాజులో లేచి వంగే రకాతులు ఎన్ని చేశాడో ఆయనకే గుర్తులేదు.

మొహం చూసి ఆబిదా అడిగింది, "ఏమైంది?"

"నెత్తి మండుతాంది" అన్నాడు.

దొంగకి తేలు కుట్టినట్టుంది ఆయన పరిస్థితి. మతపరంగా ఏమవుతుందోనని సిడ్నీలో ఇంకో పెద్దాయనని అడిగాడు. మనసుపెట్టి వెతికి నిలబడినవాళ్ళ నమాజుకి లోటేమీ లేదన్నారు ఆయన. అందరి నమాజులూ భద్రంగానే ఉన్నాయి. పోయేదల్లా ఖిబ్లా పాషాయే. ఆ పేరు పోతే మిగిలేది ప్లేటు మీద చూపు పెట్టుకున్న నంద్యాల మనిషి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు కూడా. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు, అదే ఎక్కువ పీడించింది.

చివరికి ద్వారకానాథ్ గారి దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"దానికేముందండీ, పావుగంటలో లెక్క కట్టేస్తాను" అని ఆయన కాగితం లాక్కున్నారు.

"వద్దు సార్. లెక్క మీద లెక్క వేస్తేనే ఈడిదాకా వచ్చింది. కంటితో చూసే దారి ఏమన్నా ఉంటే చెప్పండి."

ద్వారకానాథ్ గారు కాగితం పక్కన పెట్టారు. ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. "ఉందండీ. భూమికి అవతలివైపు, సరిగ్గా మక్కా అడుగున ఒక చోటు ఉంటుంది, నడి సముద్రంలో. ఏడాదికి రెండుసార్లు సూర్యుడు ఆ చోటికి నడినెత్తికి వస్తాడు. ఆ నిమిషానికి మనకి ఇక్కడ పొద్దున. సూర్యుడు మక్కాకి సరిగ్గా ఎదురుదిక్కున ఉంటాడు కాబట్టి, మన పెరట్లో నిలువుగా పాతిన కర్ర నీడ నేరుగా మక్కావైపే పడుతుంది. దిక్సూచి అక్కర్లేదు, లెక్కా అక్కర్లేదు. నవంబరు ఆఖర్లో ఒకసారి, జనవరి మధ్యలో ఒకసారి. టైము నేను చూసి చెబుతాను."

పాషా నోరు తెరుచుకుని విన్నాడు. ఎంత భయంలో ఉన్నా, నీడ మక్కాకి పోతుందన్న మాట ఆయనకి ఒళ్ళు పులకరింపజేసింది.

నవంబరులో ఎవరికీ చెప్పలేదు. ముందు తానొక్కడే చూసుకుని, తప్పయితే ఏం చెయ్యాలో తర్వాత చూద్దామని. ఆబిదా స్నానానికి పోయిన వేళ చూసి పెరట్లో చీపురుకర్ర పాతాడు. ఆకాశం నిండా మబ్బు. నీడ లేదు. ఆ నిమిషం అలాగే గడిచిపోయింది.

తర్వాత రంజాన్ నెల వచ్చింది. రాత్రిపూట నమాజులకి అద్దెకి తీసుకున్న హాల్లో వరసలు తీర్చింది కూడా పాషా టేపు వెంటే. అంతమంది భుజాలు కలుపుకుని తాను గీసిన గీత వెంట నిలబడుతుంటే, ఆయన తన చూపు టేపు మీదికి పోనిచ్చేవాడు కాదు. వరంగల్ నుంచి కొత్తగా వచ్చిన ఫుర్కాన్, అమ్రీన్ దంపతులు ఇల్లు మారి పిలిచారు. పోయి, దిక్సూచి తీసి, సూది కుదురుకున్నాక కూడా కళ్ళు మూసుకోలేకపోయాడు. "ఇప్పటికి పాత లెక్కకే పెన్సిల్‌తో గీస్తా. టేపు తర్వాత వేద్దాం" అని బయటపడ్డాడు.

ప్రపంచం భయపడ్డ డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి కంప్యూటర్లకి ఏమీ కాలేదు. ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టుకున్నారు. పాషా కూడా కొట్టాడు, ఆయన మనసు మాత్రం నల్ల టేపు మీదే ఉంది.

ఈద్ నాడు అందరూ ఒకచోట చేరారు. భోజనాల మధ్యలో పాషా లేచి నిలబడ్డాడు. ఆయన లేవడమే వింత కాబట్టి అంతా చూశారు. ఈసారి ఉర్దూ కోసం వెతుక్కోలేదు.

"భాయ్, అందరూ వినండి. మీ ఇండ్లల్లో నేను అంటించిన టేపు తప్పేమోనని నాకు అనుమానముండాది. సిడ్నీ పెద్దాయన దిద్ది చెప్పిందాన్ని నేను మళ్ళీ దిద్దినానేమో. అడగాల్సింది అడగలేదు, తప్పు నాది. వచ్చే శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకి పెరట్లో కర్ర నిలువుగా పాతి, నీడ చూడండి. నీడ పోయేదే ఖిబ్లా. నా మాట కాదు, మీ కండ్లనే నమ్మండి."

ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు. తర్వాత ఒక ముసలాయన, "నీడ మక్కాకి పోతదా? సచ్?" అన్నాడు. అంతే, ప్రశ్నలు మొదలయ్యాయి. కర్ర ఎంత పొడుగుండాలి, ఏ నిమిషానికి చూడాలి, మబ్బు పడితే ఎట్లా. తప్పు సంగతి అందరూ మరిచినట్టే ఉంది. అరగంట మాట్లాడాక పాషాకి తెలిసింది, తాను నంద్యాల తెలుగులోనే మాట్లాడుతున్నానని, ఎవరూ నవ్వడం లేదని.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పాషా రచ్చలో ఒప్పుకున్నాడుగానీ ఇంట్లో ఒప్పుకోలేదు. ఊరందరికీ చెప్పిన మాట ఆబిదాకి మాత్రం చెప్పలేకపోయాడు. ఆడవాళ్ళ గదిలోకి ఆ కబురు నిమిషంలో చేరి ఉంటుందని ఆయనకి తెలుసు. తెలిసినా నోరు రాలేదు. మిగతా ఇళ్ళలో టేపు ఒక్కసారే వేశాడు. ఈ ఇంట్లో ఆరేళ్ళు ఆమె జానమాజ్‌ని లాగి లాగి ఎడమకి తిప్పాడు, తిప్పిన ప్రతిసారీ పాఠం చెప్పాడు. ఆమె ఏమీ అడగలేదు. ఆ వారమంతా ఇద్దరూ కూరల ధరల గురించీ ఎండల గురించీ మాట్లాడుకున్నారు.

శుక్రవారం తెల్లవారింది. ఆకాశం కడిగినట్టుంది. పాషా పెరట్లో కర్ర పాతి, దారానికి రాయి కట్టి నిలువు సరిచూశాడు. గదిలో టేపు ఎటు చూస్తోందో అటే ఒక తాడు కర్ర మొదట్నుంచి నేల మీద లాగి పెట్టాడు. నీడ నెమ్మదిగా తిరుగుతోంది. ఆబిదా టీ పట్టుకొచ్చి మెట్టు మీద పెట్టి, పక్కన నిలబడింది. ఏమిటని అడగలేదు.

ద్వారకానాథ్ గారు చెప్పిన నిమిషం వచ్చింది. నీడ తాడు మీద లేదు. తాడుకి కుడిపక్కన, అడవిలో జెండాలు దొరికినంత కుడికి ఉంది.

ఇంట్లో ఫోన్ మోగింది. ఫుర్కాన్. "అంకుల్, నీడ మీ గీతకి కుడికి పడ్డది. మస్తుగున్నది అంకుల్, అమ్రీన్ ఫొటోలు తీస్తాంది!" పెట్టగానే ఇంకో ఫోన్, తర్వాత ఇంకోటి. అందరిదీ ఒకటే మాట, కుడికి. ఎవరి గొంతులోనూ కోపం లేదు. పాషా ప్రతివాళ్ళకీ "అవును, నా తప్పే, టేపు పీకేయండి" అని చెప్పాడు.

చివరి ఫోన్ పెట్టేసి చూస్తే ఆబిదా పెరట్లో లేదు. నమాజు గదిలోకి వెళ్ళాడు. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా కార్పెట్ మీద పడుతోంది. ఆ వెలుగులో ఆయన ఇన్నేళ్ళూ చూడనిది ఒకటి కనిపించింది. టేపు పక్కన కార్పెట్ నూలు నలిగి రెండు గుంటలు పడి ఉన్నాయి, మోకాళ్ళవి. వాటి ముందు నుదురు ఆనినచోట చిన్న మచ్చ. ఆ గుంటలు టేపువైపు చూడటం లేదు. కొంచెం కుడికి, గోడ వెంబడి, బయట నీడ పడ్డవైపే చూస్తున్నాయి. ఆయన నేల మీద కూర్చుని వాటిని వేళ్ళతో తడిమాడు. ఒక్క రోజులో పడ్డ గుంటలు కావవి.

ఆబిదా గుమ్మంలో నిలబడి ఉంది.

"నేను ఆఫీసుకి పోయినాక ఇట్ల వేసుకుంటాంటివా?"

"నేనేమీ లెక్క కట్టలే. గోడకి వంకరగా వేస్తే నాకు మనసు నిలవదు, అంతే. మీరు ఇంట్లో ఉన్నప్పుడు టేపు మీదే చేస్తాంటి."

"ఆరేళ్ళు! ఒక్కసారన్నా చెప్పొచ్చు కదా."

"ఎట్ల చెప్పేది? ఈ దేశం వచ్చినాక మీరు ఎవురితోనూ మాట్లాడక, అన్నం కూడా సరిగ తినక ఉంటిరి. ఆ టేపు అంటించిన పొద్దు మీరు మొదటిసారి నవ్వినారు. ఆ నవ్వు చూసినాక నాకు చెప్పబుద్ధి కాలే." ఆమె గుమ్మం దాటి లోపలికొచ్చింది. "పిట్ట తన్నిన ఆదివారం మగ్రిబ్‌కి నిలబడి మీ మొహం మాడిపోయె కదా, అపుడే అర్థమైంది నాకు. చెప్తారులే అని చూస్తానే ఉండా."

పాషా టేపువైపు వంగాడు. టేపు కొస పట్టుకుని లాగితే అది చర్రున వచ్చేసింది. కింద కార్పెట్ కొత్తదానిలా రంగు తేరి ఉంది.

"తప్పు నాదే ఆబిదా" అన్నాడు. పొద్దుటినుంచీ ఎన్నిసార్లో అన్న మాటే. ఆమెతో అనడం మాత్రం ఇదే మొదలు.

ఆమె వచ్చి ఆయన పక్కన కూర్చుంది. చేతిలో టేపు ముక్క తీసుకుని ఉండలా చుట్టింది.

"బయట మెట్టు మీద మీ టీ చల్లారిపోయింది" అంది. "పొండి, తెచ్చుకోండి. వేడిచేసిస్తా."